పంపు ఆగిన కూలరూ, మల్టీమీటరు పట్టిన మెకానిక్కూ: భీమవరంలో ఒక మరమ్మతు దుకాణం

పాలకొల్లులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా వృత్తి. మాఘమాసపు ముహూర్తాల రద్దీలో నా కంప్యూటర్ రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) మొదలుపెట్టిన నాలుగైదు నిమిషాలకే 100 డిగ్రీల వేడికి చేరి, వేగం పడిపోయి, ఆపైన దానంతటదే ఆగిపోవడం మొదలైంది. ప్రాసెసర్‌ను నీటితో చల్లబరిచే కూలర్ అందులో ఉంది: పంపు నీటిని తిప్పుతుంది, ఆ నీటి వేడిని రేడియేటర్ బయటి గాలికి వదులుతుంది. రేడియేటర్‌కు బిగించిన రెండు ఫ్యాన్లూ హోరుగా తిరుగుతూనే ఉండడం వల్ల కూలర్‌ను నేను అనుమానించలేదు. పైగా ఒక రోజు సతాయించిన యంత్రం మరునాడు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసేది. దగ్గరలోని ఒక దుకాణంలో చూపిస్తే, మూత తీసి ఐదు నిమిషాలు చూసి, కూలర్ పోయిందనీ, మదర్‌బోర్డు మీద కూడా అనుమానంగా ఉందనీ, రెండూ మార్చాలంటే 18 వేలు అవుతుందనీ చెప్పారు. ఆ అంచనా విన్నాక క్యాబినెట్‌ను కారులో వేసుకుని వీరవాసరం మీదుగా భీమవరం వెళ్లాను. ఈ సమీక్ష అక్కడి దుకాణం గురించి.

ఆ దుకాణం యజమానే ప్రధాన మెకానిక్. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న, యంత్రం వేడెక్కినప్పుడు రేడియేటర్ నుంచి వచ్చే గాలి వెచ్చగా ఉంటోందా అని. నేనెప్పుడూ చూడలేదు. యంత్రాన్ని నడిపి, ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తుండగా నా చేతిని అక్కడ పెట్టించారు. గాలి గదిలోని గాలి అంత చల్లగానే ఉంది, అంటే వేడినీరు అక్కడికి చేరడం లేదు. "ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదాని పంపు కూడా తిరుగుతుందనుకోకూడదండి, ఆ రెండింటికీ కరెంటు వేరువేరు చోట్ల నుంచి వస్తుంది" అన్నారాయన. నా కూలర్‌లో ఫ్యాన్లకు కరెంటు మదర్‌బోర్డు నుంచి, పంపుకు మాత్రం ఎస్.ఎం.పి.ఎస్. (కంప్యూటర్ అంతటికీ కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి వచ్చే, హార్డ్‌డిస్కులకు కూడా వాడే సాటా తీగ ద్వారా అందుతుంది. పంపు వేగాన్ని తెలిపే సన్నని తీగ ఒక్కటే మదర్‌బోర్డుకు వెళ్తుంది. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల ప్రోగ్రాం) తెరిస్తే ఆ వేగం ఒకసారి సున్నా, మరోసారి నిమిషానికి 900 చుట్లు చూపించింది. ఇలాంటప్పుడు యంత్రం ఆన్ కాగానే రావలసిన హెచ్చరికను, మొదట్లో కంప్యూటర్‌ను అమర్చిన వారెవరో ఆపివేసి ఉంచారని కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వోల్టేజీ కొలిచే మల్టీమీటరు బయటికి వచ్చింది. 12 వోల్టుల లైనులో అయిదు శాతం వరకు, అంటే 11.4 నుంచి 12.6 వరకు, తేడా ఉండవచ్చు. ఎస్.ఎం.పి.ఎస్. తీగ చివర 12.1 ఉంది, అదే తీగకు తగిలించిన స్ప్లిటర్ (ఒక కనెక్టర్ నుంచి పలు పరికరాలకు కరెంటు పంచే తీగ) అవతలి కొసన, యంత్రం పనిలో ఉండగా, 10.3 మాత్రమే ఉంది, తీగను కొంచెం కదిలిస్తే 8 కన్నా తక్కువకు పడిపోయింది. "లాకుల దగ్గర నీళ్లు నిండుగానే ఉన్నాయండి, తూము దగ్గరే సన్నబడిపోయాయి" అని ఆయన చెప్పిన మాటతో, విద్యుత్తు గురించి ఏమీ తెలియని నాకు కూడా విషయం బోధపడింది.

తూము అలా పూడిపోవడానికి కారణం కూడా వివరించారు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు ఉంటాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్ల చొప్పున మొత్తం నాలుగున్నర ఆంపియర్లు మాత్రమే మోయగలదు. నా దగ్గర ఆ ఒక్క కనెక్టర్ మీదే, పెళ్లి వీడియోలు దాచుకునే రెండు పెద్ద హార్డ్‌డిస్కులు, రంగుదీపాల పెట్టె, కూలర్ పంపు వేలాడుతున్నాయి. అలాంటి హార్డ్‌డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కోటీ సుమారు రెండు ఆంపియర్లు లాగుతుంది. రోజూ ఆ భారానికి వేడెక్కి పిన్ను వదులవుతుంది, వదులైన చోట నిరోధం పెరిగి మరింత వేడి పుడుతుంది. డెల్టాలోని ఉప్పుగాలి కూడా పిన్నులను నల్లబరుస్తుందని ఆయన అన్నారు గానీ, రోజంతా ఏసీ నడిచే గది నాది కనుక ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేదు.

మరమ్మతు చేసింది చాలా తక్కువ. స్ప్లిటర్ తీసేసి, పంపుకు ఎస్.ఎం.పి.ఎస్. నుంచి విడిగా ఒక తీగ, హార్డ్‌డిస్కులకు మరొకటి కేటాయించి, రంగుదీపాల పెట్టెను నా అనుమతితో పక్కన పెట్టారు (దానివల్ల నాకు ఒరిగిందీ ఏమీ లేదు). బయోస్ హెచ్చరికను మళ్లీ ఆన్ చేసి, ఒక గంటసేపు పూర్తి భారంతో నడిపి చూపించారు: పంపు వేగం 2,700 దగ్గర నిలకడగా ఉంది, వేడి 72 డిగ్రీలు దాటలేదు. తీసుకున్నది 600 రూపాయలు.

లోపాలు లేకపోలేదు. ఉదయం పదకొండుకు వెళ్లిన నాకు పిలుపు వచ్చేసరికి మూడు దాటింది. వరుసకు టోకెన్లు లేవు, కూర్చోవడానికి ఉన్నది ఒక్క బల్ల. బిల్లు అడిగితేనే రాశారు. యజమాని లేని సమయంలో సహాయకులు యంత్రాన్ని దింపుకుంటారే తప్ప పరీక్షించరు కాబట్టి, దూరం నుంచి వెళ్లేవారు ఆయన ఉన్నారో లేదో ముందు కనుక్కోవాలి. ఫోను మాత్రం రెండుమూడు సార్లు చేస్తే గానీ ఎత్తరు.

పాత స్ప్లిటర్‌ను అడిగి తెచ్చుకున్నాను. 12 వోల్టుల పిన్నులు ఉండే కొసన తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కొద్దిగా కరిగి ఉంది.