డబ్బు అడగదు, సమయం అడుగుతుంది: ఫిఫా 11 ప్లస్ వార్మప్ సమీక్ష

మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించి, వంగి కాలివేళ్లు ముట్టుకోమని చెప్పి ఆట మొదలుపెట్టించే పద్ధతి మన పాఠశాలల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. ఫిఫా వైద్య పరిశోధన విభాగం ఓస్లో, శాంటా మోనికా క్రీడావైద్య కేంద్రాలతో కలిసి 2006లో రూపొందించిన ‘11 ప్లస్’, ఫుట్‌బాల్ ఆడేవారికి ఉచితంగా దొరికే వార్మప్‌లలో నాకు తెలిసినంతవరకు ఉత్తమమైనది.

ఇందులో మూడు భాగాలు, 15 వ్యాయామాలు ఉన్నాయి. మొదటి 8 నిమిషాలు కోన్ల మధ్య నెమ్మది పరుగు, ఆఖరి 2 నిమిషాలు వేగంగా పరుగెత్తి దిశ మార్చడం. అసలు సరుకంతా నడిమి 10 నిమిషాల్లో ఉంది. ఆటగాడు మోకాళ్లపై నిలబడి, తోటివాడు చీలమండలను అదిమి పట్టుకోగా, నడుము వంచకుండా నెమ్మదిగా ముందుకు ఒరిగే నార్డిక్ వ్యాయామం తొడ వెనుక కండరాన్ని సాగుతూనే బలం ప్రయోగించడానికి అలవాటు చేస్తుంది; వేగంగా పరుగెత్తేటప్పుడు ఆ కండరం దెబ్బతినేది తరచుగా అలాంటి స్థితిలోనే. ఒంటికాలి నిలకడలోనూ, గెంతి దిగేటప్పుడూ మోకాలు లోపలికి వాలకుండా చూడాలి కనుక, శిక్షకుడు ఫోను పక్కనపెట్టి పిల్లల కాళ్లనే గమనించాలి.

నార్వేలో 13–17 ఏళ్ల బాలికలపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. అయితే పరిశోధకులు ప్రధానంగా కొలవదలచిన కాళ్ల గాయాల్లో తగ్గుదల గణాంకపరంగా నిర్ధారణకు రాలేదన్నది కూడా చెప్పాలి.

ప్రధాన లోపం సమయమే. మైదానం గంటసేపే దొరికే జట్టుకు 20 నిమిషాలు భారమే అవుతుంది. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం నడిమి భాగాన్ని శిక్షణ చివరికి మార్చినా రక్షణ తగ్గలేదనీ, ఆటగాళ్లు మరింత క్రమంగా చేశారనీ చూపింది కాబట్టి అలా విడదీసుకోవచ్చు. గులకరాళ్ల నేలపై ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్లపై ఆని ఒంటిని నిటారుగా నిలిపి ఉంచే వ్యాయామం) చేయించాలంటే చాపలు తప్పవు. భుజాలకు ఇందులో దాదాపు ఏమీ లేదు. క్రికెట్ బౌలర్లు వేరే ఏర్పాటు చూసుకోవాలి.

14 ఏళ్లు దాటినవారికి వారానికి రెండుసార్లైనా చేయించే ఓపిక ఉన్న శిక్షకులకు దీన్ని సందేహం లేకుండా సూచిస్తాను. అంతకన్నా చిన్నవారికి ‘11 ప్లస్ కిడ్స్’ వేరుగా ఉంది.