జేబులో పట్టే రంగుల పెట్టె: ఆరేళ్ల ప్రయాణాల తర్వాత

ఇంట్లో నా బొమ్మల సరంజామా ఒక బల్లంతా పరుచుకుని ఉంటుంది. మొదట్లో ఊరెళ్లినప్పుడల్లా అందులో సగం సంచీలో కుక్కేవాణ్ని: ట్యూబులు, నాలుగు కుంచెలు, కలుపుకోవడానికి పళ్లెం, పెద్ద పుస్తకం. చాలాసార్లు సంచీ విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చాను. నీళ్లకో గ్లాసు వెతకాలి, అన్నీ పరుచుకోవడానికి చోటు చూసుకోవాలి. ఈలోపు రైలు వచ్చేసేది.

ఆరేళ్ల కిందట పన్నెండు హాఫ్ పాన్‌ల (గట్టిపడిన రంగు ఉండే బుల్లి గిన్నెలు) వాటర్ కలర్ రేకు పెట్టె, ఒక వాటర్ బ్రష్ (పిడిలోనే నీళ్లు ఉండే కుంచె), పోస్టుకార్డంత ఏ6 స్కెచ్‌బుక్ కొన్నాను. అప్పటినుంచి ప్రయాణంలో బొమ్మలన్నీ వీటితోనే.

ఒక్కో హాఫ్ పాన్‌లో పట్టేది 2 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా రంగు. రెండు ప్రయాణాలకే అయిపోతుందేమో అనుకున్నాను. ఆరేళ్లలో అల్ట్రామెరీన్ నీలం ఒక్కటే రెండుసార్లు ఖాళీ అయింది. ట్యూబులోంచి పాన్ నిండా పిండి రెండు మూడు రోజులు ఆరనిస్తే మళ్లీ సిద్ధం. నలుపు అసలు ముట్టుకోలేదు. అదే నీలంలో కాస్త బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే బూడిద రంగు నీడలకు ఎంతో బాగుంటుంది. ఇప్పుడు పెట్టెలో ఎనిమిది రంగులే. మిగిలిన చోట చిన్న స్పాంజి ముక్క పెట్టుకున్నాను.

ఒకసారి మాత్రం తడిగా ఉన్న పెట్టెను అలాగే మూసి వారం మరిచిపోయాను. తెరిస్తే పసుపు మీద బూజు. ఈ రంగుల్ని పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్టు బంక, తడి ఉంటే బూజుకు అది విందే. అప్పటినుంచి రాత్రి బస చేసిన గదిలో మూత తెరిచి పడుకుంటున్నాను.

అసలు గొడవంతా వాటర్ బ్రష్‌తోనే. పిడిలో నీళ్లు పోసుకుని, నొక్కుతూ గీయాలి. గ్లాసు అక్కర్లేదు కాబట్టి ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఎక్కడైనా మొదలుపెట్టేయొచ్చు. కానీ ఆకాశం లాంటి పెద్ద మేరకు ఒకే తీరున రంగు పరవడం దీనితో నావల్ల కాలేదు. కాస్త గట్టిగా నొక్కితే చుక్క జారి బొమ్మ మధ్యలో పడుతుంది. విమానంలో ఇంకో తంటా. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నంతకు తగ్గుతుంది. పిడిలో మిగిలిన గాలి వ్యాకోచించి నీళ్లను బయటికి తోస్తుంది. అలా ఒక పుస్తకం సగం పేజీలు అంటుకుపోయాయి. ఇప్పుడు ఖాళీ చేశాకే విమానం ఎక్కుతున్నాను. పైగా ఏడాదో రెండేళ్లో అయ్యేసరికి నైలాన్ మొన చీలిపోతుంది. ఇది నా నాలుగోది.

కాగితం దగ్గర పొదుపు చేయొద్దు. 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం నీళ్లు తగలగానే అప్పడంలా లేస్తుంది. 300 జీఎస్ఎం అయితే పేజీలు తక్కువ వస్తాయి గానీ నిలుస్తుంది. తేమ గాలిలో, ముఖ్యంగా సముద్రం పక్కన, రంగు ఎంతకీ ఆరదు. రెండు క్లిప్పులు పెట్టి పుస్తకం తెరిచే నడుస్తుంటాను, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే.

భద్రతా తనిఖీలో రంగుల్ని ఎవరూ ఆపలేదు. పెన్సిల్ చెక్కుకునే చాకు మాత్రం పోయింది. అందుకే ఇప్పుడు చెక్కే పని లేని మెకానికల్ పెన్సిల్ వాడుతున్నాను. ఆయిల్ రంగులవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, ఆ రంగుల్ని పలచన చేసే టర్పెంటైన్ మండే ద్రవం కాబట్టి విమానంలోకి రానివ్వరు.

చూడ్డానికి వెళ్లిన చోట నేను గీసింది చాలా తక్కువ. పక్కన తోడు వచ్చినవాళ్లు నిలబడి ఉంటే చెయ్యి ఆడదు. నా పుస్తకాల్లో ఉన్నవి ఎక్కువగా ప్లాట్‌ఫారం బెంచీలు, నిద్రపోతున్న ప్రయాణికులు, గేటు దగ్గర పేర్చిన సామాన్లు. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు.

కదిలే బస్సులో మాత్రం ఇది పనికిరాదు. ఆ కుదుపుల్లో, ఆ చీకట్లో కూడా మా ఆవిడ క్రోషే అల్లుకుంటూ పోతుంది. దారం, సూది తప్ప ఆవిడకు ఏమీ అక్కర్లేదు. ఆరేళ్లలో నా పెట్టె ఉండి కూడా నాకు అసూయ పుట్టించింది అదొక్కటే.

పెట్టె కీలు వదులైపోతే రబ్బరు బ్యాండు వేశాను. ఈసారి వాటర్ బ్రష్‌తో పాటు, మొన కప్పి మూసుకునే మామూలు కుంచె కూడా ఒకటి తీసుకెళ్తున్నాను, ఆకాశాల కోసం.