సీరియల్ లైట్ల సెట్లు కట్టేవాడిగా 'పోలీస్ స్టోరీ' బ్లూ-రే చూశాక

నెల్లూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ లైట్లు కడుతున్నాను. జాకీ చాన్ అంటే నాకు ప్రాణమని తెలిసి మా తమ్ముడి కొడుకు డాలస్ నుంచి వస్తూ 'పోలీస్ స్టోరీ' రెండు భాగాల బ్లూ-రే సెట్ తెచ్చాడు. 2019లో అమెరికాలో వచ్చింది, 4కెలో బాగుచేసిన ప్రింటు. చిన్నప్పుడు మూలాపేటలో వీడియో డెక్కు అద్దెకు తెచ్చి చూసినప్పుడు తెరంతా గీతలే. ఇప్పుడు పగిలే గాజు పెంకులు లెక్కపెట్టొచ్చు.

కొనేవాళ్లకి ముందుగా ఒక మాట. ఇది రీజియన్ ఎ డిస్క్, అంటే అమెరికా లాంటి కొన్ని దేశాల ప్లేయర్లలోనే ఆడేది. మన దేశం రీజియన్ సి. మామూలు ప్లేయర్‌లో ఆడదు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ దొరికేదాకా నాలుగు నెలలు డబ్బా చూసుకుంటూ కూర్చున్నాను. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీషు ఉన్నాయి.

సినిమా కథ అందరికీ తెలిసిందే. నేను మళ్లీ మళ్లీ వేసుకునేది తెర వెనక సంగతుల కోసం. అమెరికాలో చేసిన సినిమా తన మనసుకి నచ్చినట్టు రాలేదని హాంకాంగ్ తిరిగొచ్చి 1985లో తనే డైరెక్ట్ చేసుకున్నాడు జాకీ. అద్దాలు ఎన్ని పగలగొట్టారంటే యూనిట్ వాళ్లే దీనికి 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకున్నారు. బస్సుకి గొడుగు తగిలించి వేలాడే సీన్లో ముందు చెక్క గొడుగు వాడితే జారిపోతోందని ఇనుప గొడుగు చేయించారు. నవ్వొచ్చే సీన్ల వెనక ఇంత కష్టముంది. డిస్క్‌లో 1964 నాటి టీవీ కార్యక్రమం ఒకటి ఉంది, పెకింగ్ ఒపెరా (పాటలు, గంతులతో సాగే చైనా నాటకం) పిల్లల శిక్షణ మీద. జాకీ చిన్నప్పుడు పడ్డ సాధన కూడా అలాంటిదే. అది చూస్తే ఆ ఒళ్లు ఎలా తయారైందో అర్థమవుతుంది.

ఇక ఆ స్తంభం సీను. మాల్‌లో పై అంతస్తు నుంచి దూకి, నిలువునా లైట్లు చుట్టిన కమ్మీ పట్టుకుని కిందికి జారతాడు. పగలు మాల్ నడుస్తుంది కాబట్టి రాత్రుళ్లే షూటింగు, దొరికేది ఒక్క టేకే. దూకే ముందు స్టంట్ కుర్రాడొకడు కౌగిలించుకుని ప్రార్థన కాగితం ఇస్తే ప్యాంటులో పెట్టుకున్నాడట. ఆ లైట్లకి బ్యాటరీ కరెంటు ఇవ్వాల్సింది, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టారని జాకీయే చెప్పాడు. కమ్మీ కాలిపోతోంది. అరచేతుల తోలు కమిలింది, వెన్నుకి దెబ్బ, తుంటి కీలు తప్పింది. అయినా లేచి సీను పూర్తి చేశాడు. సినిమాలో ఆ జారుడు మూడు కోణాల్లో మూడుసార్లు వస్తుంది. నేను ప్రతిసారీ బల్బులవైపే చూస్తాను.

చిన్న బల్బు కదా, ఏముందిలే అనుకుంటారు జనం. మేం కట్టే పాత సెట్లలో ఆరు వోల్టుల బల్బులు నలభై దాకా వరసగా వేస్తే 230 వోల్టులు సరిపోయేవి. వెలిగేటప్పుడు బల్బుకి ఆరే. ఒకటి పగిలి తీగ బయటపడిందా, ఫేజు వైపు ముక్కలో మొత్తం 230 వోల్టులూ నిలబడి ఉంటాయి. 2004లో కోవూరు దగ్గర ఒక పెళ్లిపందిట్లో వాన పడుతుంటే నాకు తగిలింది అలాంటిదే. ఆపమని చెప్పిన జనరేటర్ ఆపలేదు. కుడిచేతి రెండు వేళ్లకి ఇప్పటికీ స్పర్శ సరిగ్గా లేదు. అందుకే జాకీ చేతులు చూస్తే నా చేతులు వాటంతటవే ముడుచుకుంటాయి.

ఈ డిస్క్ సెట్లో జాకీ మాట్లాడాడు, స్టంట్‌మన్ బెన్నీ లై మాట్లాడాడు. లైట్లు కట్టినవాళ్లతో కూడా ఒక్క పది నిమిషాలు మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది! ఆ లోటు నాకు నిజంగా బాధ. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర పని ఒప్పుకున్నాక, మా కుర్రాళ్లు ఆరుగురిని కూర్చోబెట్టి ఆ ఒక్క సీనూ చూపించాను. అందరూ ఈలలు వేశారు. కొత్తగా చేరిన పిల్లోడు మాత్రం, "అన్నా, అప్పుడు మెయిన్ స్విచ్ దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు. ఆ పండగ రాత్రులన్నీ మెయిన్ దగ్గర వాణ్ణే కూర్చోబెట్టాను.