ఇంట్లో పొట్ట డయాలసిస్: కొన్నేళ్ల వాడకం తరువాత

పర్లాకిమిడిలోని మా ఇంటి వెనుక గదిలో రోజుకు నాలుగుసార్లు రెండు లీటర్ల ద్రవాన్ని, పొట్టలో కోతపెట్టి అమర్చిన గొట్టం గుండా లోపలికి ఎక్కించుకొని, కొన్ని గంటలు ఉంచి దింపుకొంటాను. పాడైన మూత్రపిండాలు చేయలేని పనిని, అంటే ఒంట్లోని మలినాలనూ మిగులు నీటినీ తీయడాన్ని, ఈ ద్రవం చేస్తుంది. ఈ పద్ధతి లాభాలు వైద్యులు చెప్పేవే. నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం శిక్షణ ఇచ్చిన నర్సు కొనిపించిన కొక్కెం త్రాసు. దింపిన బ్యాగును దానికి తగిలించి, ఖాళీ బ్యాగు బరువు తీసివేస్తే, ఎక్కించినదానికన్నా ఎంత ఎక్కువ నీరు బయటపడిందో అప్పటికప్పుడు తెలుస్తుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆసుపత్రిలో రక్తాన్ని శుద్ధిచేసే డయాలసిస్ యంత్రం పక్కన పడుకున్న రోజుల్లో ఎంత నీరు తీశారో సిబ్బంది చెప్తే వినడమే. ముందురోజు తిన్న ఎండుచేపల కూరకూ మరునాటి కాళ్ల వాపుకూ ఉన్న లెక్క, ఈ త్రాసు పక్కన నోటు పుస్తకం పెట్టుకున్నాకే నాకు అర్థమైంది.

గత వేసవిలో ఆ త్రాసే నన్ను కంగారుపెట్టింది. రెండు లీటర్లు సాఫీగా లోపలికి వెళ్లాయి. బయటికి 1,400 గ్రాములే వచ్చాయి. గొట్టం ఎక్కడా మడతపడలేదు, క్లాంపు తెరిచే ఉంది. ఎడమపక్కకు ఒరిగితే కొంచెం కారి, మళ్లీ ఆగిపోయేది. ద్రవం తేటగా ఉంది, జ్వరమూ నొప్పీ లేవు. అయినా లోపల గొట్టం జరిగిపోయిందేమో, మళ్లీ కోత తప్పదేమో అన్న భయంతోనే బరంపురం వెళ్లాము. ఎక్స్‌రే చూసిన వైద్యుడు, "గొట్టం ఉన్నచోటే ఉంది మాస్టారూ, మీకు విరేచనమై ఎన్నాళ్లయింది?" అని అడిగారు. మలంతో నిండిన పేగు గొట్టాన్ని ఒత్తేస్తుందట. ఫాస్ఫరస్ తగ్గడానికి వేసుకొనే కాల్షియం బిళ్లలు, ఐరన్ బిళ్లలు, కొలిచి తాగే నీరు కలిసి తెచ్చిన మలబద్ధకమది. ఆయన రాసిన లాక్టులోజ్ సిరప్‌తో బ్యాగు మునుపటిలా నిండసాగింది. మందుల దుకాణంలో సొంతంగా అడిగి తెచ్చుకొనే భేదిమందుల్లో మెగ్నీషియం, ఫాస్ఫేట్ ఉన్నవి మా వంటివారికి ప్రమాదమని అప్పుడే హెచ్చరించారు.

మొదట్లో మూడు బ్యాగులతోనే సరిపోయేది కనుక, అడిగినవారందరికీ ఇదే మేలని చెప్పేవాణ్ని. మిగిలిన కాస్త మూత్రమూ తగ్గేకొద్దీ నాలుగోది చేరింది. నీటిని ఎక్కువ లాగే 2.5 శాతం గ్లూకోజు బ్యాగు వాడిన రోజు త్రాసు చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఆ చక్కెర కొంత ఒంటికి పట్టి ఆకలిని చంపుతుంది, బరువునూ పెంచుతుంది. ద్రవంతోపాటు మాంసకృత్తులూ పోతాయి. రోజూ గుడ్డు తెల్లసొన తినక తప్పడం లేదు.

తలుపులు మూసి ఫ్యాను ఆపుకోగల గది, అట్టపెట్టెలు పేర్చుకొనే చోటు, చేతులు కడిగించడంలో నర్సును మించిన భార్య నాకు ఉన్నారు. కవిటి వైపు ఉంటూ యంత్రం మీదే డయాలసిస్ చేయించుకొనే మా బావమరిదికి ఆ వసతి లేదు, యంత్రం మాత్రం దగ్గరలో ఉంది. అతణ్ని మారమని నేను చెప్పలేదు. శుభ్రత తప్పితే పొట్టలోకి క్రిములు చేరవచ్చు; దింపిన ద్రవం మసకగా కనిపిస్తే అది దానికి గుర్తు కావచ్చు కనుక, పారబోయకుండా బ్యాగుతో సహా వెంటనే ఆసుపత్రికి రమ్మని వైద్యులు చెప్పారు. ఆ అవసరం ఇంతవరకూ పడలేదు కాబట్టే నేను ఈమాత్రమైనా మెచ్చుకోగలుగుతున్నాను.