మోకాలికి కుట్లు, గోడకి సర్టిఫికెట్టు

సంక్రాంతి కబడ్డీలో మా వాడి మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ లాంటి లిగమెంటు) తెగింది. మాది భీమవరం పక్కన చెరువుల ఊరు. మొదట చూపించిన చోట గోడకి ఆర్థ్రోస్కోపీ (కీలులోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్) ఫెలోషిప్, అంటే ప్రత్యేక శిక్షణ, సర్టిఫికెట్టు మెరుస్తోంది. ఎన్నాళ్ల ట్రైనింగండీ అని అడిగితే కాంపౌండరు మొహం చిట్లించాడు. తీరా చూస్తే వారాల లెక్క!

నేషనల్ బోర్డు గుర్తించిన స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్ అయితే, ఎమ్మెస్ ఆర్థో (ఎముకల సర్జన్ పీజీ) 3 ఏళ్లు అయ్యాక మరో 2 ఏళ్లు. అది చేసినాయన రాజమండ్రిలో దొరికారు. చిన్న చిన్న గాట్లే పెట్టి, లోపలికి కెమెరా పంపి, తొడ వెనక స్నాయువు తీసి కొత్త లిగమెంటుగా అమర్చారు. బొమ్మ గీసి మరీ చెప్పారు, నాక్కూడా అర్థమైంది.

అక్కడ ఫిజియోథెరపీకే వెయిటింగ్ ఎక్కువ, అందుకే నా రివ్యూలో 4 స్టార్లు. 9 నెలలు ఆట వద్దన్నారు. వీడప్పుడే కూత పెడుతున్నాడు.