మా నాన్న వెళ్లే డయాలసిస్ సెంటర్: మెషిన్లకి 4 స్టార్లు, చెప్పే పద్ధతికి 2

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, ఇక్కడ డయాలసిస్ సెంటర్ అంటే కిరాణా కొట్టంత మామూలైపోయింది. నాన్నకి ఏడాదిన్నరగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. సెంటర్ పేరు మాత్రం అడక్కండి, ఎల్లుండి మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ముందు మంచి చెప్తా. దుప్పట్లు మారుస్తారు, ఫిస్టులాకి (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటు) సూది పెట్టే టెక్నీషియన్ చెయ్యి తేలిక, నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంట్ చూపించమంటే విసుక్కోకుండా చూపించారు. ఒక్క సిట్టింగ్‌కే 120 లీటర్ల దాకా నీళ్లు కావాలి మరి, 1970ల్లో విదేశాల్లో ఆ నీళ్లలోని అల్యూమినియం మెదడుకెక్కి పేషెంట్లకి మాట పడిపోయి మతి పోయిన కేసులు చాలా ఉన్నాయట, అది చదివాక నాకు భయం పట్టుకుంది.

ఇప్పుడు అసలు గొడవ. నాన్న పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసిన మనిషి, బస్తాల లెక్క నోటితోనే తేల్చేసేవారు. ఓరోజు మెషిన్ మీద మూడో గంటలో సిస్టర్ వచ్చి "బాబుగారూ, డయాలసిస్ రోజు బీపీ మాత్ర పొద్దున వద్దు, ఇంటికెళ్లాక వేసుకోండి, ఫాస్ఫరస్ మాత్ర అన్నంతో పాటు" అని గబగబా చెప్పేసి వెళ్లిపోయింది. నాన్న "అలాగేనమ్మా" అన్నారు. ఆటోలో అడిగితే "ఏ సిస్టరు? ఎవరూ ఏటీ చెప్పలేదే" అన్నారు. తర్వాతి సారి పొద్దున్నే మాత్ర వేసేసుకున్నారు, మెషిన్ మీద బీపీ 80కి పడిపోయింది, కాళ్లు పైకెత్తి సెలైన్ పెట్టారు. పైగా "మేం చెప్పాం కదండీ" అని మాకే క్లాసు!

వయసు అనుకున్నాం, 62 ఏళ్లు. వైజాగ్‌లో కిడ్నీ డాక్టర్ చెప్పాకే అర్థమైంది. ఒంట్లో పేరుకునే వ్యర్థాలు, రక్తం తక్కువవడం, ఏళ్ల తరబడి బీపీ, షుగర్ వల్ల మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం, ఇవన్నీ కలిసి ధ్యాస నిలవకుండా చేస్తాయట, పనులు వరుసలో చేసుకోవడం కష్టమవుతుందట. పాత జ్ఞాపకాలు బాగానే ఉంటాయి, అందుకే ఇంట్లోవాళ్లు పట్టుకోలేరు. 2018 తిత్లీ తుఫానుకి మా తోటలో ఎన్ని కొబ్బరి చెట్లు కూలాయో నాన్న ఇప్పటికీ వేళ్ల మీద చెప్తారు, పొద్దున మాత్ర వేసుకున్నారా లేదా అంటే మాత్రం తెల్లమొహం. పైగా మెషిన్ మీద ఉన్న 4 గంటల్లోనే బుర్ర అన్నిటికంటే మందంగా ఉంటుందట, సరిగ్గా అప్పుడే వీళ్లు జాగ్రత్తలు అప్పజెప్తారు! అమెరికాలో 2006లో వచ్చిన ఒక స్టడీలో 55 దాటిన 338 మంది డయాలసిస్ పేషెంట్లని పరీక్షిస్తే 37 శాతం మందికి ఈ ఇబ్బంది తీవ్రంగా ఉంది, కేసు షీట్లో రాసి ఉన్నది 3 శాతం మందికి కూడా కాదు. మా నాన్న షీట్లోనూ లేదు.

కాగితం మీద రాసివ్వండి అంటే ఇంచార్జి "ఇంతమందికి రాయడం కుదర్దండి" అన్నారు. చివరికి పొద్దుటి షిఫ్ట్ సిస్టర్ ఒకావిడ నా నంబర్ తీసుకుని ఏ మార్పు ఉన్నా వాట్సాప్‌లో వాయిస్ పెడుతోంది, ఆవిడకి 5 స్టార్లు. మీవాళ్లని కొత్తగా చేర్పిస్తుంటే మొదటి రోజే మీ నంబర్ షీట్ మీద రాయించండి, మందుల గురించి పేషెంట్‌కి కాదు నాకు చెప్పండి అని గట్టిగా అనండి. పోయిన వారం ఆవిడ సెలవులో ఉంది, ఒక్క మెసేజ్ రాలేదు.