చెట్టు వేళ్లకు నీళ్లెక్కించే గన్ను: చాలా వేసవులు వాడాక

ముందే చెప్పేస్తాం. ఫుట్‌పాత్ టైల్స్ మధ్యా, సిమెంటు రోడ్డుకీ సైడు కాలవకీ నడుమా ఇరుక్కుపోయిన చెట్టుకు ఈ గన్ను బాగా పనిచేస్తుంది. చుట్టూ రెండు గజాల ఖాళీ నేల ఉన్న చెట్టుకు మాత్రం దండగ. అక్కడ పాది చేసి, సన్నటి ధారతో పైపు వదిలేస్తే చాలు. ఇంట్లో ఒక్క మామిడిచెట్టున్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

మిరపకు మందు కొట్టే హెచ్‌టీపీ పంపు గుంటూరు చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. దాని పైపు చివర స్ప్రే గన్ను విప్పి, నేలలోకి గుచ్చే ఇనుప గొట్టం బిగించడమే ఇక్కడ జరిగేది. రెడీమేడ్‌వి దొరుకుతాయి కానీ, బెజవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో చేయించుకున్నా అంతకంటే గట్టిగానే ఉంటుంది. కొలతలు రాసి పట్టుకెళ్లాలి, అంతే. మూడడుగుల అరంగుళం స్టెయిన్‌లెస్ పైపు, మందంది. కొస మూసేసి, ఈఎన్8 ఉక్కుతో చెక్కిన మొన. మొనకు అంగుళం పైన నలువైపులా 2 ఎంఎం రంధ్రాలు నాలుగు. పైన టీ ఆకారం పిడి, లివర్ వాల్వు, వాల్వు దాటాక ప్రెషర్ గేజి. రంధ్రాలు పక్కలకే ఉండాలి. మొనలోంచి కిందికి పెడితే నీటి ధార తన కింద తానే గుంత తవ్వుకుంటూ పోతుంది, పక్కన ఉన్న వేళ్లకు చుక్క అందదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఒక వాషరు. మొన నుంచి సరిగ్గా 12 అంగుళాల దగ్గర పెద్ద వాషరును అడ్డంగా వెల్డింగ్ చేయించాలి, గన్ను అంతకు మించి దిగకుండా. మూడడుగుల గొట్టం చేతిలో ఉంటే మూడడుగులూ దింపాలనిపిస్తుంది, కూలీలకైతే మరీను. లోతుగా దింపితే బాగా అందుతుందని నమ్మకం. చెట్టుకు నీళ్లు పీల్చే సన్నవేళ్లు చాలావరకు పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. మూడడుగుల లోతున పోసిన నీళ్లలో ఎక్కువ భాగం భూమికి దక్షిణ ఇచ్చినట్టే. మిగతా రెండడుగుల గొట్టం నడుం వంచకుండా పనిచేయడానికే.

గేజి పంపు దగ్గర కాదు, పిడి దగ్గరే కావాలి. 10 ఎంఎం పైపు 50 మీటర్లు లాగితే సగం ప్రెషర్ దారిలోనే పోతుంది. 8.5 ఎంఎం పైపైతే ఇంకా ఎక్కువ. పంపు మీద 18 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపిస్తుంటే గన్ను దగ్గర 8 ఉండొచ్చు, పైపు చుట్ట విప్పకుండా వాడితే అంత కూడా ఉండకపోవచ్చు. మాకు నల్లరేగడిలో 7 నుంచి 8 కేజీలు కుదిరింది. 12 దాటిస్తే నీళ్లు గొట్టం పక్కనుంచే పైకి ఊరుతాయి, పోసిందంతా రోడ్డు మీదికి. కృష్ణ ఒడ్డు వైపు ఒండ్రు నేలలో 5 కేజీలు కూడా ఎక్కువే.

గుచ్చే ముందు వాల్వు కాస్త తెరిచి, నీళ్లు కారుతుండగానే దింపాలి. మూసి గుచ్చితే బంకమట్టి నాలుగు రంధ్రాల్లోనూ మేకులా బిగుసుకుంటుంది, తర్వాత సైకిల్ చువ్వతో పొడుస్తూ కూర్చోవాలి. మొన రాయికి తగిలితే టంగుమని చేతికి అదురు వస్తుంది. వేరుకి తగిలితే శబ్దం ఉండదు, రబ్బరులా కొద్దిగా వెనక్కి తోస్తుంది. తోసిందంటే అక్కడ బలం పెట్టొద్దు, నాలుగంగుళాలు పక్కకు జరపండి. కాండానికి మూడడుగుల లోపు అసలు గుచ్చొద్దు, అక్కడున్నవి చెట్టును నిలబెట్టే లావువేళ్లు.

నీళ్లు ఎన్ని? నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కాండం చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. సెంటీమీటరు వ్యాసానికి 15 లీటర్ల లెక్కన మొదలుపెట్టండి. చుట్టుకొలత 125 సెంటీమీటర్లుంటే వ్యాసం 40, అంటే 600 లీటర్లు. రెండడుగులకొకటి చొప్పున కొమ్మల అంచు దాకా 60 పోట్లు, పోటుకి 10 లీటర్లు. 8 కేజీల దగ్గర ఈ రంధ్రాల్లోంచి నిమిషానికి 15 నుంచి 18 లీటర్లు వస్తాయి. మీ గన్ను ఎంత ఇస్తుందో ఒకసారి డ్రమ్ములో వదిలి, గడియారం చూసి కొలుచుకోండి. పది లీటర్లనూ నల్లరేగడి ఒకేసారి మింగదు. 20 సెకన్లు ఇచ్చి ముందుకెళ్లి, చుట్టు పూర్తయ్యాక అదే పోట్లలో రెండోసారి ఇవ్వాలి. ఈ లెక్కన చెట్టుకు గంట పైనే పడుతుంది, 5,000 లీటర్ల ట్యాంకరు ఎనిమిది చెట్లకొస్తుంది. కాంట్రాక్టరు అరగంటలో నాలుగు చెట్లు అయిపోయాయన్నాడంటే నీళ్లెక్కడికి పోయాయో అడగండి. నల్లరేగడిలో 15, 20 రోజులకోసారి, ఒండ్రులో వారం పది రోజులకోసారి సరిపోతుంది. చాలిందో లేదో మర్నాడు 8 ఎంఎం ఊచ గుచ్చి చూడండి. తడి ఉన్నంతవరకు ఊచ మెత్తగా దిగుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నల్లరేగడి అంతకుముందే చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లున్న నేలలో గన్ను పెడితే నీళ్లు దగ్గరి పగులు చూసుకుని నేరుగా పాతాళానికి పోతాయి. పోటు పక్కనే మట్టి పొడిగా ఉంటుంది, ఊట కూడా రాదు, అందుకే పని బ్రహ్మాండంగా జరుగుతోందనిపిస్తుంది. ఫిబ్రవరి చివర్లో, నేల ఇంకా కలిసి ఉండగానే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పగుళ్లలో జల్లించిన మట్టీ, చివికిన పశువుల ఎరువూ కలిపి నింపి, పైన తడిపి, ఒకటి రెండు రోజులాగి నేల ఉబ్బి మూసుకున్నాక గన్ను పట్టాలి.

టైల్స్ కింద పద్ధతి వేరు. సందుల్లో అరంగుళం గొట్టం పట్టదు. రెండడుగులకొక టైలు ఎత్తి, ఇసుక పొర దాటించి మట్టిలోకి దింపాలి. ప్రెషర్ 3, 4 కేజీలకు తగ్గించాలి. తగ్గించకపోతే కింది ఇసుక కొట్టుకుపోయి నెల తిరక్కుండా ఫుట్‌పాత్ కుంగుతుంది. గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట లాంటి ఇరుకు వీధుల్లో ఇంకో గండం, ఇళ్లకు వెళ్లే కుళాయి పైపులు. అరంగుళం ప్లాస్టిక్ పైపు అడుగు లోతులోనే ఉంటుంది, మొనకు అది లెక్కే కాదు. కరెంటు కేబుల్, వంటగ్యాస్ లైను గుర్తులు చూడకుండా గుచ్చడం ప్రాణాలతో చెలగాటం. రబ్బరు బూట్లు, పిడికి రబ్బరు తొడుగు తప్పనిసరి, లైను దారి తెలియకపోతే ఆ వైపు వదిలేయండి. ఎంత ఎక్కించినా కాండం దాకా సిమెంటు బిగించిన చెట్టుకు ఇది తాత్కాలికమే. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన వీధుల్లోనూ ఆ మీటరు ఖాళీ చేస్తే సగం చెట్లకు గన్ను అవసరమే పడదు.

ఆకు వాడిన ప్రతి చెట్టూ దాహంతో ఉన్నట్టు కాదు. బాదం ఎర్రబారి రాల్చడం, ఉగాదికి ముందు వేప, కానుగ ఆకు దులపడం వాటి అలవాటు. ఎండదెబ్బ తిన్న చెట్టుకు ఆకు అంచులు మాడతాయి, తల పలచబడుతుంది, చిటారు పుల్లలు ఎండుతాయి. గోరుతో పుల్ల గీకితే లోపల పచ్చగా ఉంటే ఇంకా ఆశ ఉంది. వేప వానాకాలంలో కొసల నుంచి మాడుతూ వస్తే అది నీటి కరువు కాదు, ఫోమోప్సిస్ శిలీంధ్రం వల్ల వచ్చే డై బ్యాక్. 2021, 2022లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలు అలా మాడడం అందరూ చూశారు. ఇంకోటి, నీళ్లు నిలిచి వేళ్లకు ఊపిరాడకపోయినా చెట్టు అచ్చం ఎండకు వాడినట్టే వాడుతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరద ముంచిన బెజవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల ఈ తేడా తెలియాలి. గుచ్చి తీసిన మొన మురుగు వాసన కొడితే గన్ను పక్కన పెట్టేయండి. కేబుల్ కోసమో కాలవ కోసమో ఒకవైపు తవ్వి వేళ్లు నరికిన చెట్టుకు మాత్రం మిగిలిన మూడు వైపులా రెండు వేసవులు తప్పకుండా ఇవ్వాలి.

నీళ్లలో ఏం కలపాలని అందరూ అడుగుతారు. ఏమీ వద్దు. ఎండలో యూరియా ఇస్తే చెట్టు భరించలేనన్ని లేతాకులు వేస్తుంది, ఉప్పు పెరిగి వేరు ఇంకా ఎండుతుంది. హ్యూమిక్ ద్రావణాలతో మాకు తేడా కనిపించలేదు. వామ్ (వేళ్లకు తోడుండే శిలీంధ్రం) పొడి రంధ్రాలు మూసేస్తుంది, అది నాటేటప్పుడు గుంతలో వేసేది. బోరు నీళ్ల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసీసీమెన్స్‌లో) 2 దాటితే వాటితోనే రోజులు నెట్టొద్దు, మధ్యమధ్యలో కాలవ నీళ్లో మున్సిపల్ నీళ్లో ఇవ్వండి. పంపు అద్దెకు తెస్తే ముందు ఏం కొట్టారో అడగండి. వరిలోనో మొక్కజొన్నలోనో 2,4-డి కలుపు మందు కొట్టిన పంపైతే, పైపుతో సహా, వద్దే వద్దు.

తడి ఎక్కించాక పైన కప్పకపోతే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. ఎండుటాకులు మూడంగుళాల మందాన, కాండానికి జానెడు ఎడం ఉంచి పరవాలి. వరిగడ్డికి చెద త్వరగా పడుతుంది. ఊడ్చేవాళ్లు ఆ ఆకుల్నే కుప్పచేసి చెట్టు మొదట్లో తగలబెడుతుంటారు, ఆ ఒక్కటి ఆపించగలిగితే గన్నుతో చేసినంత మేలు.

మన్నిక సంగతి. మామూలు ఇనుప మొన కంకర నేలలో ఒక్క వేసవికే మొద్దుబారుతుంది, ఈఎన్8కి గట్టిదనం చేయిస్తే చాలాకాలం వస్తుంది. ముందుగా పగిలేది వాషరు వెల్డింగే. దాని మీద కాలేసి తొక్కకుండా చూసుకోవాలి, ఎవరూ వినరు, కాబట్టి రెండు వైపులా వెల్డింగ్ పెట్టించండి. కాలవ నీళ్లు వాడితే ఒండ్రు వల్ల పంపు సీళ్లు, వాల్వు సీటు అరుగుతాయి. ట్యాంకరు మూతికి జాలీ, దానిపైన నూలు గుడ్డ కట్టండి. పంపు గ్రీజు కప్పులు రెండు గంటలకోసారి తిప్పాలి. రోజు చివర మంచినీళ్లతో రెండు నిమిషాలు వదిలి, వాల్వు సగం తెరిచి నిలబెట్టండి. పనికి వెళ్లేటప్పుడు టెఫ్లాన్ టేపు, రెండు క్లాంపులు, ఒక వాల్వు, 2 ఎంఎం డ్రిల్ బిట్టు సంచిలో ఉంటే పని ఆగదు.